శ్రుతి ఎవరిది?

మన వాద్యాలను పాశ్చాత్య వాద్యాలతో కలపొచ్చా అని అడిగితే మనలోనే రెండు మాటలు వినిపిస్తాయి. కలిపితే పాడైపోతాయంటారు పెద్దలు. కలిపితేనే పేరొస్తుందంటారు కుర్రాళ్లు. ఈ రెండు మాటలూ అసలు ప్రశ్నను దాటేస్తున్నాయి. కలిసి వాయించేటప్పుడు ఎవరి శ్రుతికి ఎవరు సర్దుకోవాలి? ఎవరు ఎవరిని వినాలి?

ఫ్రీ జాజ్ అనే సంగీతం అమెరికాలో నల్లజాతి వాద్యకారుల చేతుల్లో పుట్టింది. 1960లో ఆర్నెట్ కోల్‌మన్ తనతో కలిపి ఎనిమిది మందిని రెండు జట్లుగా నిలబెట్టి, సుమారు 37 నిమిషాలు ఏకబిగిన వాయించి రికార్డు చేశాడు. ఆ ఆల్బం పేరే ‘ఫ్రీ జాజ్’. ముందే కట్టుకున్న వరసలు అందులో కొద్ది. ఒకరు వాయిస్తుంటే తక్కినవారు విని, అప్పటికప్పుడు బదులిస్తారు. దాన్ని చాలామంది గోల అన్నారు. మన డోలుకూ ఆ మాట కొత్తది కాదు.

ఈ పద్ధతి ఆసియా వాద్యాలతో ఎలా కలిసిందో తెలియాలంటే కొరియాను చూడాలి. అక్కడ ఊరూరా తిరిగి ఆడే నమ్సాదంగ్ బృందాలనూ, పూజలు చేసే ముదంగ్ కుటుంబాలనూ శతాబ్దాలపాటు అట్టడుగున ఉంచారు. 1970లలో ‘కొత్త ఊరు’ ఉద్యమం పేరుతో ప్రభుత్వమే ఊరి పూజలను మూఢనమ్మకాలని అణిచివేసింది. ఆ కాలంలోనే, 1978లో, నమ్సాదంగ్ కుటుంబంలో పుట్టిన కిమ్ దుక్-సూ, ఆయన తోటివారు రెండు కంచు గంటలు, రెండు డోళ్లతో ‘సముల్‌నోరి’ మొదలుపెట్టారు. తర్వాత ‘రెడ్ సన్’ అనే జాజ్ బృందంతో కలిసి వాళ్లు చేసిన ఆల్బం 1994లో వచ్చింది. ఆ రికార్డులో కొరియా తాళాలు వెనక అలంకారంగా మిగిలిపోలేదు. చాలాచోట్ల సాక్సోఫోనే వాటి నడకలోకి వచ్చింది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. కిమ్ సొక్-చుల్ కొరియా తూర్పు తీరపు ముదంగ్ కుటుంబానికి చెందిన వాద్యకారుడు. జాలర్ల ఊళ్లలో పూజకు వాయించేవాడు. ఆయన రికార్డు విన్న ఆస్ట్రేలియా జాజ్ డ్రమ్మర్ సైమన్ బార్కర్ ఆయన్ను వెతుక్కుంటూ ఏళ్ల తరబడి కొరియా తిరిగాడు. చివరికి కలిశాడు. 2005లో ఆ పెద్దాయన కన్నుమూశాడు. ఈ వెతుకులాట మీద 2008లో ఎమ్మా ఫ్రాంజ్ తీసిన డాక్యుమెంటరీ పేరు ‘ఇన్‌టాంజిబుల్ అసెట్ నంబర్ 82’. ఆ పూజకు ప్రభుత్వం ఇచ్చిన వారసత్వ సంఖ్య అది. మనిషిని దూరం పెట్టి, పూజను అణిచి, ఆఖరికి దానికో నంబరు వేశారు.

మన దగ్గరా అంతే కదా. 2022లో కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యకు పద్మశ్రీ వచ్చింది. సంతోషమే. కానీ ఆ డోలి మన ఆశ్రమ పాఠశాలల్లో వారానికి ఎన్ని పీరియడ్లు మోగుతోంది?

ఇక శ్రుతి సంగతి. కీబోర్డు మెట్లు ఫ్యాక్టరీలోనే బిగిసిపోయి వస్తాయి. మన పెప్రె పలికే స్వరం ఆ రెండు మెట్ల మధ్య ఉండొచ్చు. కీబోర్డును కొలబద్ద చేస్తే పెప్రె ‘శ్రుతి తప్పింది’. పెప్రెను కొలబద్ద చేస్తే తప్పింది కీబోర్డే! నిజమైన ఫ్రీ ఇంప్రొవైజేషన్‌లో ఏ ఒక్కరి కొలబద్దా శాసనం కాదు. బార్కర్, ట్రంపెట్ వాయించే స్కాట్ టింక్లర్, కొరియా పాన్‌సోరి గాయకుడు బే ఇల్-దోంగ్ కలిసి ‘చిరి’ అనే బృందంగా కచేరీలు చేసింది ఈ దారిలోనే.

మన సభల్లో జరిగేది వేరు. డోళ్లు, కొమ్ములు అతిథిని గేటు దగ్గర్నుంచి వేదిక దాకా తీసుకొస్తాయి. మైకు దగ్గరికి రాగానే ఆగిపోవాలి. ఫ్యూజన్ పేరుతో వచ్చేవాళ్లు కూడా మన దరువును రెండు నిమిషాలు రికార్డు చేసుకుని, దాని మీద తమ పాట పరుచుకుని వెళ్లిపోతారు. పోస్టరు మీద ఒక పేరుంటుంది. మనం ‘గిరిజన కళాకారులు’.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, గిటారు పట్టుకుని ఎవరైనా వస్తే తరిమేయకండి, పరుగెత్తి వెంటపడకండి. షరతులు చెప్పండి. పేర్లు సమానంగా వేయాలి. డబ్బు సమానంగా పంచాలి. వాయించే ముందు కూర్చుని మన పెద్దలను వినాలి. పూజలో తప్ప మోగకూడని దరువులు ఏవో మనమే చెబుతాం, వాటి జోలికి రాకూడదు. వీటికి ఒప్పుకోని కలయిక కలయిక కాదు, వాడకం.

ఉపాధ్యాయ మిత్రులారా, కాదనే ధైర్యం పిల్లలకు రావాలంటే ముందు చేతిలో విద్య ఉండాలి. డోలిని ఆగస్టు 15కు మాత్రమే బయటికి తీయకండి. వాయించే తాతను బడికి పిలవండి, కుర్చీ వేయండి, పిల్లలను ఆయన చుట్టూ కూర్చోబెట్టండి. తన దరువు తనకు తెలిసిన పిల్ల ఏ సాక్సోఫోన్ ముందైనా తడబడదు.