వినికిడి యంత్రం మూగబోయిందా? కొత్తది కొనేముందు ఈ విడిభాగాలు చూడండి

ఇంట్లో తాతయ్యకు క్యాంపులో వినికిడి యంత్రం ఇచ్చారు. ఆరు నెలలు బాగానే పెట్టుకున్నారు. తర్వాత ఈల వేయడం మొదలైంది. మరికొన్నాళ్లకు శబ్దం తగ్గింది. ‘ఇది పాడైపోయిందిలే’ అని తీసి సొరుగులో పెట్టేశారు. టీవీ సౌండ్ మళ్లీ పెరిగింది, ఇంట్లోవాళ్లతో మాటలు తగ్గాయి. చాలా ఇళ్లలో కనిపించే కథే ఇది.

ఇలాంటి సందర్భాల్లో యంత్రం బాగానే ఉండి, దానికి తగిలించిన ప్లాస్టిక్ ట్యూబో, హుక్కో, బ్యాటరీయో మార్చాల్సి ఉండొచ్చు. వీటి ధర యంత్రం ధరతో పోలిస్తే చాలా తక్కువ. అయితే చూడటానికి ఒకేలా ఉన్నా ఒకదాని బదులు ఒకటి పనిచేయవు. 2011 జనగణన ప్రకారం దేశంలో వినికిడి లోపం ఉన్నవారు 50 లక్షలకు పైనే. వారిలో యంత్రం వాడే ప్రతి ఒక్కరికీ ఏదో ఒకరోజు ఈ సమస్య వస్తుంది. చెవి వెనుక పెట్టుకునే యంత్రాలకు (బీటీఈ) సరైన విడిభాగం ఎలా ఎంచుకోవాలి? ప్రభుత్వం ఇచ్చిన యంత్రమైతే ఎవరిని అడగాలి?

ముందు లోపం ఎక్కడుందో చూడండి

బీటీఈలో చెవి వెనుక ఉండేది అసలు యంత్రం. దాని పైభాగంలో కొక్కెంలా వంగి చెవి మీద కూర్చునేది హుక్. హుక్ నుంచి శబ్దాన్ని తీసుకెళ్లేది ట్యూబ్. చెవి లోపల కూర్చునేది అచ్చు, అంటే ఇయర్‌మోల్డ్.

శబ్దం రాకపోతే ముందు కొత్త బ్యాటరీ వేయండి. అయినా రాకపోతే ట్యూబును హుక్ నుంచి విడదీసి, యంత్రాన్ని ఆన్ చేసి అరచేతిలో మూసి పట్టుకోండి. కీచుమని ఈల వస్తే యంత్రం పనిచేస్తోందని అర్థం. అడ్డంకి ట్యూబులోనో, అచ్చులోనో ఉంది, గులిమి పేరుకుని ఉండొచ్చు. ఈలను అణచివేసే ఏర్పాటున్న కొన్ని డిజిటల్ యంత్రాల్లో ఈ పరీక్ష తేలకపోవచ్చు. అప్పుడు ఆడియాలజిస్ట్‌కు చూపించాల్సిందే.

చెవిలో పెట్టుకున్నాక ఆగకుండా ఈల వేస్తుంటే మరో పరీక్ష ఉంది. ట్యూబు తీసి హుక్ రంధ్రాన్ని వేలితో గట్టిగా మూయండి. ఈల ఆగితే లోపం ట్యూబులోనో అచ్చులోనో ఉన్నట్టు. ఆగకపోతే హుక్ పగిలి ఉండొచ్చు, లేదా యంత్రం లోపలే సమస్య.

బ్యాటరీ: నంబర్, రంగు రెండూ చూడండి

ఈ యంత్రాల్లో వాడేవి జింక్-ఎయిర్ బ్యాటరీలు. ఏ కంపెనీ తయారుచేసినా సైజుల రంగులు ఒకటే: 10 పసుపు, 312 గోధుమ రంగు, 13 నారింజ, 675 నీలం. కాబట్టి యంత్రం కంపెనీ బ్యాటరీనే కొనాలనేమీ లేదు, సైజు సరిపోతే చాలు. విడిభాగాల్లో ఈ వెసులుబాటు బాగా ఉన్నది బ్యాటరీకే.

అయినా రెండు చోట్ల పొరపాటు జరుగుతుంది. 312, 13 సైజుల వెడల్పు 7.9 మి.మీ.తో సమానమే, మందం మాత్రం వేరు. ఒకదాని చోట ఇంకొకటి బలవంతంగా పెడితే బ్యాటరీ తలుపు విరుగుతుంది. రెండోది, 675 సైజులోనే ఉండే ఎల్‌ఆర్44 బటన్ సెల్. బొమ్మల్లో, క్యాలిక్యులేటర్లలో వేసే ఈ సెల్ యంత్రంలో అచ్చుగుద్దినట్టు కూర్చుంటుంది. కానీ జింక్-ఎయిర్ బ్యాటరీ ఇచ్చినంత కాలం శక్తి ఇవ్వలేదు. 675లోనే కాక్లియర్ ఇంప్లాంట్ల కోసం విడిగా తయారుచేసే రకం కూడా ఉంది. ప్యాకెట్ మీద అది రాసి ఉంటుంది, చూసి తీసుకోండి.

జింక్-ఎయిర్ బ్యాటరీ గాలి తగిలితేనే పనిచేస్తుంది. స్టిక్కర్ తీశాక కొన్ని నిమిషాలు ఆగి యంత్రంలో వేయండి. ఒకసారి తీసిన స్టిక్కర్ మళ్లీ అంటించినా ఉపయోగం ఉండదు. పిల్లలు మింగితే ప్రాణాపాయం, వారికి అందకుండా పెట్టండి.

ట్యూబ్: 13 నంబర్ అనగానే సరిపోదు

అచ్చుతో వచ్చే బీటీఈల్లో ఎక్కువగా వాడేది 13 నంబర్ ట్యూబ్. లోపలి రంధ్రం సుమారు 1.9 మి.మీ. ఉంటుంది. ఈ 13కీ బ్యాటరీ 13కీ ఏ సంబంధమూ లేదు. మీ యంత్రంలో 675 బ్యాటరీ ఉన్నా ట్యూబు 13 నంబర్ కావచ్చు.

ఇక్కడ గోడ మందం కూడా చూడాలి. వినికిడి లోపం తీవ్రంగా ఉన్నవారి యంత్రం శబ్దాన్ని బాగా పెంచుతుంది. పలుచటి ట్యూబు గోడ గుండా ఆ శబ్దం బయటికి వచ్చి మళ్లీ మైక్‌లోకి వెళ్తే ఈల పుడుతుంది. అలాంటివారికి మందపాటి గోడ ఉన్న ట్యూబ్ వేస్తారు. పాతది మందపాటిదైతే కొత్తదీ అదే ఉండాలి.

ట్యూబు కొన్ని నెలలకే పసుపు రంగుకు తిరిగి గట్టిపడుతుంది. వంచితే మెత్తగా వంగకపోయినా, పగుళ్లు కనిపించినా మార్చే సమయం వచ్చినట్టే. కొత్తది పాతదాని పొడవే ఉండాలి. పొట్టిగా కోస్తే అచ్చు చెవిలోంచి లేచిపోతుంది, పొడుగైతే యంత్రం చెవి మీద నిలవదు.

హుక్: వినికిడిని మార్చేస్తుంది

ఆన్‌లైన్‌లో ‘అన్ని బీటీఈలకూ సరిపోతుంది’ అని అమ్మే హుక్కులతో జాగ్రత్త. కొన్ని మర తిప్పి బిగించేవి, కొన్ని నొక్కితే పట్టుకునేవి. మరల సైజు కంపెనీని బట్టి, మోడల్‌ను బట్టి మారుతుంది. పిల్లల హుక్కు చిన్నది, పెద్దలది పెద్దది.

బయటికి కనిపించని తేడా ఇంకోటి ఉంది. కొన్ని హుక్కుల లోపల డ్యాంపర్ అనే చిన్న వడపోత ఉంటుంది. కొన్ని శబ్దాలు మరీ పదునుగా వినపడకుండా అది సర్దుతుంది. యంత్రాన్ని సెట్ చేసినప్పుడు ఆ హుక్కును కూడా లెక్కలోకి తీసుకుని ఉంటారు. దాని బదులు మామూలు హుక్ వేస్తే శబ్దం కరుగ్గా అనిపించవచ్చు, ఈల రావచ్చు. అందుకే హుక్ మాత్రం మోడల్ పేరు చెప్పి, అదే రకం అడిగి తీసుకోండి.

అచ్చు: ఎవరిది వారికే

అచ్చు చెవి కొలత తీసి చేసేది. మరొకరిది పనికిరాదు. ఎదిగే పిల్లలకు చెవి పెరిగేకొద్దీ కొత్త అచ్చు కావాలి, చిన్నపిల్లలకైతే కొన్ని నెలలకే. పాత యంత్రానికి కొత్త అచ్చు వేయించుకోవచ్చు. అచ్చు వదులైందని యంత్రం మార్చాల్సిన పని లేదు.

సన్నని తీగ ఉన్న రకమైతే?

చెవి వెనుక యంత్రం నుంచి సన్నని తీగ వచ్చి, చివర చిన్న స్పీకర్ చెవిలో ఉంటే దాన్ని ఆర్‌ఐసీ అంటారు. వీటి విడిభాగాలు దాదాపు ఆయా కంపెనీలకే పరిమితం. తీగ కొనేటప్పుడు నాలుగు విషయాలు కలవాలి: కంపెనీ మోడల్, ఏ చెవి (ఎరుపు గుర్తు కుడి, నీలం ఎడమ), తీగ పొడవు, స్పీకర్ శక్తి. శక్తి వేరే రకానికి మారితే యంత్రాన్ని మళ్లీ సెట్ చేయించాలి. లేకపోతే శబ్దం చాలకపోవచ్చు, లేదా మితిమీరి చెవికి హాని జరగొచ్చు. గులిమి అడ్డే చిన్న జల్లెడలు, రబ్బరు టోపీలు కూడా కంపెనీ రకాన్ని బట్టే కొనాలి.

ప్రభుత్వం ఇచ్చిన యంత్రమైతే?

కేంద్రం అడిప్ పథకం కింద 40 శాతం, ఆపైన వైకల్య ధ్రువపత్రం ఉన్నవారికి వినికిడి యంత్రాలు ఇస్తోంది. నెల ఆదాయం రూ.22,500 వరకు ఉంటే ఉచితం, రూ.30,000 వరకు సగం ధర. పేద వృద్ధులకు 2017లో మొదలైన రాష్ట్రీయ వయోశ్రీ యోజన ఉంది. దాన్ని కాన్పూర్ కేంద్రంగా ఉన్న అలిమ్కో అమలు చేస్తోంది.

అడిప్‌లో ఒకసారి యంత్రం తీసుకుంటే అదే అవసరానికి మళ్లీ మూడేళ్ల తర్వాతే ఇస్తారు, 12 ఏళ్లలోపు పిల్లలకు ఏడాది. ట్యూబు మాత్రం కొన్ని నెలల్లోనే గట్టిపడుతుంది, బ్యాటరీ వారాల్లో అయిపోతుంది. పంపిణీ సంస్థలు యంత్రం ఇచ్చాక కూడా సంరక్షణ ఏర్పాట్లు చేయాలని పథకం నిబంధనలే చెబుతున్నాయి. కానీ క్యాంపు ఒక్కరోజులో ముగుస్తుంది. ఊరు దాటిన ఆ సంస్థను ట్యూబు కోసం వెతుక్కోవడం లబ్ధిదారుడి పని అవుతోంది. ఎన్ని యంత్రాలు పంచారన్న లెక్కతో పాటు ఏడాది తర్వాత ఎన్ని చెవి మీద ఉన్నాయన్న లెక్క కూడా తీస్తేనే ఈ ఖర్చుకు అర్థం.

అందుకే క్యాంపులో యంత్రం తీసుకునేటప్పుడే మూడు అడగండి: మోడల్ పేరు, బ్యాటరీ సైజు, మరమ్మతుకు ఎక్కడికి రావాలి. ఆ తర్వాత జిల్లా వికలాంగుల సంక్షేమ కార్యాలయంలో, అలిమ్కో నడిపే ప్రధానమంత్రి దివ్యాశా కేంద్రాల్లో విచారించవచ్చు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. పిల్లలకైతే జిల్లా సత్వర చికిత్స కేంద్రాన్ని (డీఈఐసీ) సంప్రదించండి.

కొనేముందు ఈ పని చేయండి

యంత్రం పెట్టుకుని బాగా వినపడుతున్న రోజునే ఫోన్‌లో ఫొటోలు తీసి పెట్టుకోండి: యంత్రం మీద మోడల్, సీరియల్ నంబర్, బ్యాటరీ ప్యాకెట్, హుక్, ట్యూబు పక్కన స్కేలు పెట్టి ఒకటి. విడిభాగం కొనేటప్పుడు పాత భాగాన్ని పారేయకుండా వెంట తీసుకెళ్లండి. కొత్త యంత్రం కొంటుంటే విడిభాగాలు ఎన్నేళ్లు దొరుకుతాయో అడిగి బిల్లు మీద రాయించుకోండి. వారంటీలో ఉన్నా స్పందించకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయొచ్చు. సెట్టింగ్ మార్చేవారు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదైన ఆడియాలజిస్టేనా అన్నది కూడా చూసుకోండి.

సొరుగులో ఓ యంత్రం ఉందా? ఈరోజే తీసి కొత్త బ్యాటరీ వేసి చూడండి.