పాత ఉతుకు యంత్రములను గూర్చి ఒక మనవి

గడచిన వేసవి సెలవులలో హిందూపురమునందు పాత యినుము కొను నొక యంగడి ముందర మేము రెండు వస్తువులను చూచితిమి. ఒకటి గుండ్రని గాజుతలుపు ఊడిన బట్టలుతుకు యంత్రము. దాని కడుపునిండ తుప్పుచీలలు పోసియుండిరి. రెండవది గొట్టము తెగిన దుమ్ముపీల్చు యంత్రము. ధర యడుగగా అంగడియాయన, "ఇనుముకు తూకం సార్, మోటారులో రాగికి వేరే లెక్క. మిగతాదానికి ఏమీ రాదు" అని న్యాయముగనే చెప్పెను. మేమా రెండింటిని తూకమునకే కొని, ఆటోలో పాఠశాలకు తెచ్చి, ప్రయోగశాల వెనుకనున్న చిన్న గదిలో నుంచితిమి. తోడి యుపాధ్యాయులు కొందఱు నవ్విరి. తుప్పు కొనుటకు గూడ జీతము మిగిలినదా యని యొకరు, పొరకతో సరిగా నూడ్వని బడికి ఈ పీల్చుడు యంత్రమెందుకని మఱియొకరు. ఆ నవ్వునకు ప్రత్యుత్తరముగ ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఇట్టి వస్తువులను కూర్చువారు లోకమున లేకపోలేదు. ఐరోపా దేశములలో పాత ఉతుకు యంత్రములను, దుమ్ముపీల్చు యంత్రములను వెదకి కొని, బాగుచేసి, నడిపించి చూచి యానందించువా రనేకులు కలరు. జర్మనీలో మీలే సంస్థ గ్యూటర్స్‌లో పట్టణమున తన పూర్వపు యంత్రములకు ప్రదర్శనశాలనే యుంచినది. అమెరికాలో కొలరాడో రాష్ట్రమున విద్యుచ్ఛాస్త్రమును బోధించి విరమించిన యొక ఆచార్యుడు వేయికి పైగా ఉతుకు యంత్రములను కూర్చెను. మన దేశమందును అహమ్మదాబాదులో 1981లో పాత్రలకు ‘విచార్’ అను ప్రదర్శనశాల వెలసినది. ఢిల్లీలో 1992లో సులభ్ సంస్థ మరుగుదొడ్ల చరిత్రకే యొక ప్రదర్శనశాలను స్థాపించినది. చెంబునకును మరుగుదొడ్డికిని దక్కిన మర్యాద ఉతుకు యంత్రమునకేల దక్కరాదు?

అయినను ఆ సేకర్తల పనిలో మాకొక లోపము దోచుచున్నది. యంత్రము పేరు, సంఖ్య, చేసిన సంవత్సరము, మోటారు బలము వారికి కంఠస్థములు. ఆ యంత్రము ఎవరి చేతులకు విశ్రాంతి నిచ్చెనో, ఎవరి చేతులకు పని లేకుండ జేసెనో వ్రాసి యుంచినవారు తక్కువ. మేము గదిలో నుంచదలచినది ఆ రెండవ సంగతిని. ఇందుకు పెనుగొండలో వినిన యొక వృత్తాంతము కారణము.

మా విద్యార్థి యొకని అవ్వ కొండక్రింది వీథిలో నివసించుచున్నది. 1990వ దశాబ్దిలో ఆమె పెద్దకుమారుడు బెంగుళూరు నుండి ముందు తలుపు గల ఉతుకు యంత్రమును తెచ్చెను. దానిని పెరటిలో పెట్టలేదు. వచ్చినవారందఱు చూడవలెనని నడుమయింటిలో పెట్టి, మీద కుట్టుపని చేసిన గుడ్డ కప్పిరి. కుళాయి నీరు దాని గొట్టమునకు ఎక్కెడిది కాదు. అందుచేత మిద్దెమీద తొట్టి కట్టించి, కడవలతో మోసి పోసిన గాని అది కదలలేదట. "పని తగ్గిందేమో గానీ నాయనా, నీళ్లు మోసే పని పెరిగింది" అని ఆమె నవ్వుచు చెప్పెను.

ముప్పది యేండ్లుగా ఆ యింటి బట్టల మూట మోసిన రజకస్త్రీ, యంత్రము వచ్చిన మఱునాడు వాకిట నిలిచి చాలసేపు దానిని చూచి, ఒక్కమాట యడిగినదట: "అమ్మా, ఈ పెట్టె ఉబ్బ పెడతాదా?" ఇంటిలోనివారందఱు పకపక నవ్విరట. ఆమెను రావద్దని ఎవరును అనలేదు. మూట మాత్రము చిన్నదగుచు వచ్చినది. మొదట దినపు బట్టలు పోయినవి, పిమ్మట దుప్పట్లు పోయినవి, కడకు ఇస్త్రీకి వేయు నాలుగు జతలు మిగిలినవి. కొన్నాళ్లకు ఆమెయు రాలేదు. ఆమె కుమారుడు స్టేషను త్రోవలో ఇస్త్రీబండి పెట్టుకొనెనని అవ్వ చెప్పినది. (ఇస్త్రీ యను మాట పోర్చుగీసువారి భాషనుండి వచ్చినదని నిఘంటుకారులందురు. ఐరోపా వస్తువులు మన యిండ్లకు రాకముందే వారి మాటలు వచ్చి కూర్చున్నవి.)

ఆ ప్రశ్నకు నవ్వవలసిన పని లేదని మా గట్టి యభిప్రాయము. యంత్రమును అమ్మవచ్చిన వారికంటె ఆమెయే దాని మర్మమును పట్టుకొన్నది. ఉబ్బ యనగా నేమో నేటి మా విద్యార్థులలో పదుగురికి తెలియదు గనుక చెప్పవలసియున్నది. మురికిబట్టలను చవుటిమన్ను కలిపిన నీటిలో తడిపి పిండి, పొయ్యిమీద పాతిన పెద్దబాన మూతిచుట్టు వరుసలు వరుసలుగా పేర్చి, క్రింద మంట పెట్టుదురు. బానలోని నీరు కాగి ఆవిరి యా బట్టల పొరలలో రాత్రియంతయు ఎక్కును. చవుటిలోని క్షారము, ఆవిరిలోని వేడి కలిసి జిడ్డును విడదీయును. తెల్లవాఱిన పిమ్మట రేవునకు గొనిపోయి బండపై ఉతికి, జాడించి, ఎండలో నారవేయుదురు. ఏ యింటి బట్ట యేదో తెలియుటకు నల్లజీడిగింజ రసముతో పెట్టిన గుర్తు ఎన్ని ఉబ్బలకును చెఱగదు. ఇది రసాయన శాస్త్రము కాక మఱేమి?

ఐరోపావారును ఇదే చేసిరి. వారి యిల్లాండ్రు రాగి కాగులలో సోడా వేసి తెల్లబట్టలను ఉడకబెట్టెడివారు. 1767లో రేగెన్స్‌బుర్గు పట్టణపు మతబోధకుడు యాకోబ్ షెఫర్ ఉతుకు యంత్రమును గూర్చి యొక గ్రంథము ప్రకటించెను. అది పిడి త్రిప్పెడి కొయ్యతొట్టి. 1899లో మీలే సంస్థ వెన్నతీయు యంత్రములతో ప్రారంభమై, అనతికాలముననే కొయ్యతొట్టి ఉతుకు యంత్రములను చేయసాగినది. 1907లో హెంకెల్ సంస్థ పెర్సిల్ అను సబ్బుపొడిని విక్రయింప మొదలిడినది. 1951లో జర్మనీలో కన్‌స్ట్రుక్టా యను స్వయంచాలక యంత్రము వచ్చినది. పిండునప్పుడు అది యెగిరిపడకుండుటకై నేలకు బోల్టులతో బిగింపవలసి యుండెను. ఈ యంత్రముల విశేషమేమనగా, పీపాయి అడ్డముగ తిరిగి బట్టలను పైకెత్తి నీటిపై పడవేయును; అడుగున నున్న తాపకము నీటిని తొంబది డిగ్రీల దనుక కాచును. ఎత్తి వేయుట బండపని. కాచుట ఉబ్బపని. కనుక ఆ రజకస్త్రీ ప్రశ్నకు సరియైన ప్రత్యుత్తరము "పెడుతుంది" అనియే. ఆమెకు ఆ మాట చెప్పిన వారెవరును లేకపోయిరి.

మా గదిలోని యంత్రమును విప్పినప్పుడు అడుగున సున్నము కట్టిన తాపకపు చుట్టను మేము కన్నులార చూచితిమి. మన బోరునీటి ఉప్పదనమంతయు దానిపై గారగా పేరుకొనియున్నది. ఆ గారను గోకి సీసాలో నుంచినాము. రసాయనపు తరగతిలో దానిపై ఆమ్లము వేసి చూపుటకు పనికివచ్చును.

నీటి మాట వచ్చినది గనుక ఒకటి ఒప్పుకొందము. 2022 వఱకు అనంతపురము జిల్లాలో నుండి, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన ఈ మూడు ఊళ్లు వర్షచ్ఛాయలోనివి. సంవత్సరమునకు 550 మిల్లీమీటర్ల ప్రాంతము వర్షమే యీ సీమకు ప్రాప్తము. 1970వ దశాబ్దపు ఐరోపా యంత్రములు ఒక్క విడతకు వంద లీటర్లకు మించి త్రాగెడివి. నేటివి 50 లీటర్ల ప్రాంతముతో సరిపెట్టుకొనుచున్నవి. పాతదానిని నడిపించి చూపవలెనను మా కోరికకు ఇది యడ్డము. ఒకసారి నడిపి, ఆ నీటిని చెట్లకు మరల్చుదుమని తోటమాలికి మాట యిచ్చినాము.

ధర్మవరపు సంగతి వేఱు. అక్కడ ఉడకబెట్టి కడుగుట ఇంటిపని గాక పరిశ్రమయే. పట్టుకాయనుండి తీసిన పచ్చినూలుకు సహజమైన జిగురుండును. సబ్బుసోడా నీటిలో ఉడికించి దానిని తీసినగాని నూలుకు మెఱుపు రాదు, రంగు పట్టదు. ఇంత ఉడికి పుట్టిన చీర మాత్రము మరల ఉతుకు యంత్రపు గుమ్మము త్రొక్కదు. "మిషన్లో వేస్తే పట్టు కాదు, పీచు" అని యొక నేతగాడు మాతో ననెను. నలిగిన చీరలు నేటికిని రోలింగు, పాలిషు అంగళ్లకే పోవుచున్నవి. యంత్రము జయింపలేని యొక మూల మన సీమలోనే యున్నదనుట మాకు కొంత గర్వముగనే యున్నది.

దుమ్ముపీల్చు యంత్రమును గూర్చి చెప్పవలసినది కొంచెమే. 1901లో లండనునందు హ్యూబర్ట్ సెసిల్ బూత్ అను ఇంజనీరు కుర్చీ దిండుపై చేతిరుమాలు పఱచి నోటితో పీల్చి, రుమాలు కంటిన దుమ్మును జూచి సంతసించెనట. అతని యంత్రము గుఱ్ఱపుబండిపై వచ్చి వీథిలో నిలిచి, కిటికీలగుండ గొట్టములు చాచెడిది. స్వీడను దేశపు ఎలక్ట్రోలక్స్ 1921లో చక్కిచెక్కలవలె నేలపై జాఱు చిన్న యంత్రమును చేసినది. ఆ సంస్థయు టాటావారును కలిసి 1982లో యురేకా ఫోర్బ్స్‌ను నెలకొల్పగా, మెడపట్టీ కట్టిన యువకులు ఇల్లిల్లు తిరిగి మన నేలమీది దుమ్మును మనకే చూపి యంత్రములమ్మిరి. తివాసీలకై పుట్టిన వస్తువు కడపబండల నేలకు అంతగా నచ్చలేదు. పలుయిండ్లలో అది అటకెక్కినది. మేము కొన్నదియు అట్టి అటకనుండి దిగినదే కావచ్చును.

కావున మా మనవి యిది. ఈ మూడు ఊళ్లనుండి మా బడికి వచ్చు విద్యార్థులు పాత యంత్రములను మోసికొని రానక్కఱలేదు, చోటును లేదు. ఇంటిలోని అవ్వను, పెద్దమ్మను, మూట మోసినవారి బిడ్డలను అడిగి, మొదటి యంత్రము ఏ యేట వచ్చెను, ఎచ్చట పెట్టిరి, నీరెవరు మోసిరి, అంతకుముందు ఎవరు ఉతికిరి, వారు తరువాత నేమైరి యని నోటుపుస్తకములో వ్రాసికొని రావలెను. ఉబ్బ పెట్టుట తెలిసినవారు ఇంకను కొందఱు కలరు. వారిచేత ఒక్కసారి బాన పెట్టించి చూపింపవలెనని మాకున్నది. దానికి రావలసిన కూలి మేము సమకూర్చెదము, పిలిచి ఊరక పని చేయించుకొనము. పెనుగొండ రజకస్త్రీ కుమారుని గూర్చి విచారించుచున్నాము. ఆమె యున్నచో, గాజుతలుపు లేకపోయినను ఆ యంత్రము ముందర ఆమెను కూర్చుండబెట్టి, తాపకపు చుట్టను చూపవలెను.

యంత్రమునకు బెల్టు మాత్రము ఇంకను దొరకలేదు. హిందూపురమంతయు వెదకితిమి. ధర్మవరమున పట్టునూలు పురివేయు యంత్రములకు బెల్టులమ్ము అంగడి కలదని పదవ తరగతి పిల్లవాడొకడు చెప్పినాడు. వచ్చు శనివారము కొలత పట్టుకొని పోవుచున్నాము.