వాడని టారో కట్టలు పంచేయండి

నాచారంలో మా ఇంటి బీరువా పై అర నిండా జోస్యానికి వాడే టారో పేకముక్కల పెట్టెలే. ఈ వేసవిలో వాటిని తగ్గించడం మొదలుపెడితే, ఉప్పల్‌లో ఉండే మా పిన్ని "పారేస్తే కీడు కాదా బిడ్డా?" అని భయపడింది. కాదని గట్టిగా చెప్తాను. 15వ శతాబ్దపు ఇటలీలో ఇవి ఆడుకునే పేకముక్కలు. జోస్యానికి వాడటం 18వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో ఊపందుకుంది. అట్టముక్కకు శక్తి లేదు, విలువంతా బొమ్మది.

ఆ బొమ్మ కోసమే ఒక కట్ట ఉంచుకున్నాను: 1909లో లండన్‌లో వెలువడిన, పమేలా కోల్మన్ స్మిత్ గీసిన బొమ్మలది. అంచులు మెత్తబడ్డాయి, ఎనిమిది కప్పుల ముక్క మీద టీ మరక. మిగతావాటిలో చాలావాటికి సీలే తీయలేదు. అవే బొమ్మలు, రంగులు మాత్రం వేరు. అలా కొని దాచడం కళాభిమానం కాదు, వట్టి మోజు.

78 ముక్కలూ ఉన్న కట్టలు నేర్చుకునేవాళ్లకు ఇస్తున్నాను. ముక్కలు పోయినవాటిలో పిల్లలకు తగినవి ఏరి, కథలల్లుకోమని బడికి పంపుతున్నాను. ఎవరికీ పనికిరానివి పారేయొచ్చు, ప్లాస్టిక్ పూత ఉన్నవాటిని మాత్రం తగలబెట్టకండి.

మన నిర్మల్‌లోనూ ఒకప్పుడు చేత్తో రంగులద్దిన గంజీఫా పేకముక్కలు తయారయ్యేవి. ఇకపై కొనాలనిపిస్తే, అచ్చు కట్టలు పది కాదు, చేతిపని ఒక్కటి కొనండి.