ఒక్క సున్న దిద్దినందుకు మూటంతా మోయాలా?

వరంగల్లు రహదారి వెంబడి మా అన్నోజిగూడ ఇంట్లో ఒక పాత కంప్యూటరు ఉండేది. నేను టైపు చేసినవీ, మిత్రులు పంపినవీ, మూతపడబోతున్న బ్లాగుల నుండి వారి అనుమతితో తెచ్చి దాచినవీ, తెలుగు పాఠాలన్నీ అందులోనే. వాటి నకలు ఒకటి గుంటూరులోని మిత్రుని ఇంట ఉండాలని మా ఒప్పందం. 2018లో ఒక రాత్రి ఏదో వ్యాసంలో 'సస్కారం' అని పడినచోట జారిపోయిన సున్నను చేర్చాను. యూనికోడు లెక్కలో ఆ సున్న విలువ మూడు బైట్లు. దాని నిమిత్తం గుంటూరుకు ప్రయాణం కట్టినది మాత్రం నాలుగు వందల మెగాబైట్ల మూట మొత్తం.

తప్పు తీగది కాదు, నాది. మూటను అలా కట్టినవాణ్ణి నేనే. అయితే ఈ అజ్ఞానం నా ఒక్కడి సొత్తు కాదనీ, తెలుగు సాహిత్యాన్ని భద్రపరుస్తున్నామని చెప్పుకొనే మనలో చాలామందిమి ఇలాగే కడుతున్నామనీ నా ఆరోపణ.

ఆండ్రూ ట్రిజెల్, పాల్ మెకెరాస్ అనే ఇద్దరు 1996లో ఆస్ట్రేలియాలో ఆర్‌సింక్ అనే ఉపకరణాన్ని వెలువరించారు. దాని పద్ధతి ముచ్చటైనది. అవతలి కంప్యూటరు తన వద్దనున్న పాత ఫైలును సమానమైన ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకు రెండేసి ముద్రలు కట్టి, ఆ ముద్రలను మాత్రమే పంపుతుంది. ఇవతలిది కొత్త ఫైలు మీద ఒక్కో బైటే జరుగుతూ ఆ ముద్రలకు సరిపోయే ముక్కల కోసం వెతుకుతుంది. దొరికినచోట 'నీ దగ్గరున్న ఫలానా ముక్కనే వాడుకో' అంటుంది. దొరకనిచోట మాత్రమే అసలు బైట్లు పంపుతుంది. నడుమ ఒక సున్న చేరి తక్కినదంతా పక్కకు జరిగినా దానికి లెక్కలేదు.

ఇంత తెలివీ మూట విప్పి ఉన్నంతసేపే. జీజిప్ వంటి కుదింపు యంత్రం ఎప్పుడూ వెనక్కి చూస్తూ నడుస్తుంది. గడచిన 32 కిలోబైట్లలో వచ్చిన వరుస మళ్ళీ వస్తే, దాన్ని తిరిగి రాయక 'ఇన్ని బైట్ల వెనుక చూడు' అని గుర్తు వేస్తుంది. ఆ గుర్తులకు తరచుదనాన్ని బట్టి పొట్టివీ పొడుగువీ సంకేతాలిస్తుంది. మధ్యలో ఒక సున్న చేరితే ఆ చోటు మొదలు బిట్ల అమరికే మారిపోతుంది. అక్కడి నుండి చివరిదాకా పాత మూటకూ కొత్త మూటకూ పోలిక దొరకదు. ఆర్‌సింక్ పాపం వెతికి వెతికి, మొత్తం పంపేస్తుంది. సంకేతపదంతో బిగించిన మూటలైతే మరీ అన్యాయం. వాటిలో సాధారణంగా ఏమీ మార్చకున్నా ప్రతిసారీ రూపం మారుతుంది.

కుదింపే మానేయవచ్చు కదా అంటారు కొందరు. రెండు కంప్యూటర్లూ మనవే అయితే నిజమే, ఫైళ్ళను విప్పి ఉంచి ఆర్‌సింక్‌నే దారిలో కుదించుకొమ్మనవచ్చు. కాని పదిమందికీ పంచే మూటల మాటేమిటి? తెలుగులో ఒక్కో వర్ణానికీ గుర్తుకూ యూటీఎఫ్-8లో మూడేసి బైట్లు. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరానికి పద్దెనిమిది! ఆ మూడింటిలో మొదటి బైటు ఎప్పుడూ ఒకటే, రెండవది రెండింటిలో ఒకటి. ఇంత పునరుక్తి ఉన్న రాతను కుదించకుండా ఊరేగించడం దుబారా.

కాబట్టి కుదింపు కావాలి, కుదించే తీరు మారాలి. మందు కొత్తదేమీ కాదు. జీజిప్‌కు 'ఆర్‌సింకబుల్' అనే ఐచ్ఛికం ఒకటుంది. డెబియన్ వారి కూర్పులో ఏళ్ళ తరబడి ఉండి, 2016లో 1.7వ కూర్పుతో అసలు జీజిప్‌లోకి వచ్చింది. ఇది పాఠంలోని బైట్లను కూడుతూ పోయి, ఆ మొత్తం ఒక నిర్ణీత లక్షణానికి సరిపడినచోట వెనకటి జ్ఞాపకాన్ని వదిలేసి కొత్తగా మొదలుపెడుతుంది. హద్దును నిర్ణయించేది దూరం కాదు, పాఠమే. అందువల్ల నా సున్న రేపిన అలజడి తరువాతి హద్దు దగ్గర అణగిపోతుంది, ఆపైనంతా పాతదే. ఇందుకు చెల్లించే సుంకం చాలా సందర్భాల్లో నూటికి ఒకటికన్నా తక్కువ. విప్పుకొనేవారికి తేడా కూడా తెలియదు. జెడ్‌స్టాండర్డ్‌లోనూ ఇదే పేరుతో ఇలాంటి సదుపాయముంది.

ఈ ఒక్క శాతానికే మనవారు గింజుకుంటారు. గరిష్ఠ కుదింపుతో ఫైళ్ళన్నిటినీ ఒకే ముద్దగా చేసి 'చూశారా, ఇంత మిగిల్చాను' అని మురుస్తారు. అది మొదటిరోజు లెక్క. తెచ్చుకొనేవాడు ప్రతి సవరణకూ ముద్దను మళ్ళీ మోయాలన్న సంగతి ఆ లెక్కలోకి రాదు.

2003లో మొదలైన తెలుగు వికీపీడియానే చూడండి. దాని పాఠమంతా వికీమీడియా వారు ఎప్పటికప్పుడు బీజిప్2 మూటలుగా అందరికీ ఇస్తున్నారు. అది వందనీయమైన పని. కాని బీజిప్2 గరిష్ఠంగా 900 కిలోబైట్ల చొప్పున పాఠాన్ని కొలిచి కోస్తుంది. మొదట్లో ఒక వాక్యం చేరితే తరువాతి కోతలన్నీ జరుగుతాయి. అదే 'మల్టీస్ట్రీమ్' అనే మరో రూపంలో నూరేసి పుటలను విడివిడిగా కుదిస్తారు. వెనకటి పుటలేవీ తొలగిపోనంతవరకు, ముట్టుకోని నూరు పుటల కట్ట అలాగే ఉంటుంది. మీ దగ్గర పాత ప్రతి ఉంటే, ఏది తెచ్చుకోవాలో మీరే ఆలోచించండి.

'ఇప్పుడు ఇంటింటికీ ఫైబరు వచ్చింది, ఇంకా ఈ పిసినారితనమెందుకు?' అని ఒక మిత్రుడు ఎద్దేవా చేశాడు. పోచారంలో ఇన్ఫోసిస్ ప్రాంగణం పక్కనున్న మాకు వచ్చింది, సంతోషం. గుంటూరు మిత్రునికి అప్పట్లో రోజుకింత అని కొలిచిపోసే మొబైలు డేటాయే గతి. ప్రతి వారం మూట మొత్తం మోయలేక 'నెలకొకసారి పంపవయ్యా' అన్నాడు. తరువాత మూడు నెలలకొకసారి అయింది. ఆపైన ఇద్దరమూ మరచిపోయాం. 2019లో నా డిస్కు పోయింది. గుంటూరు ప్రతి ఎనిమిది నెలల పాతది. ఆ ఎనిమిది నెలల్లోనే, చనిపోయిన ఒక మిత్రుని బ్లాగును ఇంటివారి అనుమతితో నేను తెచ్చి దాచింది. బ్లాగు కూడా అప్పటికే మూతపడింది. ఆయన భార్యకు ఏం చెప్పాలో తెలియక రెండు వారాలు ఫోను ఎత్తలేదు.

జియోసిటీస్ 2009లో పోయింది. మన రచ్చబండ వంటివాటికి ఆశ్రయమిచ్చిన యాహూ గుంపులు 2020లో పూర్తిగా మూతపడ్డాయి. ఉచితంగా ఇచ్చినవారు ఎప్పుడైనా మూస్తారు, వారినేమీ అనలేం. మిగిలేది ఎవరింట్లోనో ఉన్న నకలే. అది తాజాగా ఉండాలంటే తాజా చేయడం తేలిక కావాలి.

కాబట్టి నిఘంటువులు, పద్యసంకలనాలు, బ్లాగుల ప్రతులు మూటకట్టి పంచే మిత్రులారా, ఆజ్ఞలో ఆ ఒక్క మాట చేర్చండి. ఫైళ్ళ వరుస ప్రతిసారీ ఒకేలా ఉండేటట్టు పేర్ల క్రమంలో కట్టండి. వరుస మారితే ఈ వైద్యం పూర్తిగా పనిచేయదు. ఈ సంగతి నాకు మొదట తెలియక, కొత్త పద్ధతిలో కట్టి కూడా రెండు రాత్రులు చాలా బైట్లు మోయించాను. మూడవ రాత్రి మళ్ళీ సున్నలే కొన్ని దిద్ది పంపాను. తెల్లవారి మిత్రుడు ఫోను చేసి 'రాత్రి ఏమీ పంపలేదేమయ్యా?' అన్నాడు. పంపాను, చూసుకొమ్మన్నాను.