కట్టడాలకు కోట్లు, ల్యాబులకు ఖాళీ కుర్చీలు

2024 జూన్ 19న కేంద్ర కేబినెట్ జాతీయ ఫోరెన్సిక్ మౌలిక వసతుల పథకానికి పచ్చజెండా ఊపింది. 2028-29 దాకా ఐదేండ్లకు 2,254.43 కోట్లు. ల్యాబుల్లో కుప్పపడ్డ కేసులు కరిగిస్తమన్నరు. శిక్షలు 90 శాతం దాటిస్తమన్నరు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

పైసలు ఎటు పోతున్నయి? ఫోరెన్సిక్ యూనివర్సిటీ క్యాంపస్‌లకు, కొత్త కేంద్ర ల్యాబులకు, ఢిల్లీ క్యాంపస్ హంగులకు. కుప్పపడ్డది ఎక్కడ? ఠాణాలో సీలు వేసిన నమూనా ముందుగ చేరేది రాష్ట్ర ల్యాబుకు. యంత్రాల కోసం రాష్ట్రాలకు వేరే పథకం ఉందంటరు. ఉంది. యంత్రం తనంతట తానే రిపోర్టు రాసి సంతకం పెడ్తదా? దేశంలోని ఫోరెన్సిక్ ల్యాబుల్లో మంజూరైన పోస్టులు దాదాపు 40 శాతం ఖాళీ అని ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలోని ప్రాజెక్ట్ 39ఎ 2023లోనే లెక్క తేల్చింది.

డీఎన్ఏ పరీక్ష బటన్ నొక్కితే అయ్యే పని కాదు. బట్ట మీది మరకలో రక్తమా, వీర్యమా అని మొదట చూడాలె. డీఎన్ఏ వేరు చేయాలె, ఎంతుందో కొలవాలె, పీసీఆర్‌లో పెంచాలె, నిందితుని నమూనాతో పోల్చాలె. రసాయన కిట్లకు గడువు తేదీలుంటయి. బడ్జెట్ ఆలస్యమైతే యంత్రం ముందట చేతులు కట్టుకొని కూర్చోవాలె. పైగా సాక్ష్యానికి కోర్టు పిలిస్తే ఆ నిపుణుడు పోవాల్సిందే, ఆ రోజు ల్యాబులో అతని పని బంద్. ఈ కోర్టు రోజుల లెక్క ఏ పథకంలో రాసిండ్రు?

2024 జూలై 1 నుంచి అమలైన కొత్త చట్టం ఏడేండ్లు, ఆపై శిక్షపడే నేరాలన్నింటికీ ఫోరెన్సిక్ బృందం పోవాలంటోంది. రాష్ట్రాలకు ఐదేండ్ల గడువిచ్చింది. నమూనాలు వరదలా వస్తయి. పోక్సో కేసు సాధ్యమైనంత వరకు ఏడాదిలో ముగియాలని చట్టమే చెప్పె. రిపోర్టు రాకపోతే పసిబిడ్డ తల్లి కోర్టు మెట్ల మీద, తప్పు చేయనోడు ఉంటే వాడు జైల్ల.

అమెరికాలో 2004 నాటి డెబ్బీ స్మిత్ చట్టం కేంద్రం పైసలను నేరుగా రాష్ట్ర, స్థానిక ల్యాబులకే ఇచ్చింది. ఆ పైసలతో మనుషులను పెట్టుకోవచ్చు, ఓవర్‌టైం ఇవ్వొచ్చు. అయినా 2009లో డెట్రాయిట్ పోలీసు గోదాములో పరీక్షించని 11 వేలకు పైగా అత్యాచార కిట్లు బయటపడ్డయి. అసలు ల్యాబుకే పంపని నమూనాలవి. వాటిని లెక్కబెట్టినంకనే వందల మంది వరుస నేరస్తులు దొరికిండ్రు. మన ఠాణాల మాల్‌ఖానాల్లో ఎన్ని మూలుగుతున్నయో ఎవడన్నా లెక్కబెట్టిండా?

1980ల చివర్ల ఈ దేశానికి డీఎన్ఏ వేలిముద్రల పద్ధతిని అందించింది హైదరాబాద్ సీసీఎంబీలో లాల్జీ సింగ్ బృందం. ఆ ఊర్లోనే జెనెటిక్స్‌ల ఎంఎస్సీ చేసిన పిల్లలు నోటిఫికేషన్ల కోసం లైబ్రరీల్ల కండ్లు కాయలు చేసుకుంటున్నరు. మేం అడుగుతున్నం. ప్రతి ల్యాబు ముందట నెలనెలా బోర్డు పెట్టాలె: ఎన్ని నమూనాలు వచ్చినయి, ఎన్ని ఏడాది దాటినయి, ఎన్ని పోస్టులు ఖాళీ. కాంట్రాక్టు కొలువులు కాదు, పర్మినెంటు పోస్టులు. శంకుస్థాపన రాళ్లు ఆ తర్వాత పాతుకోండి.