వెలుగు ఎక్కువైతే చాలదు, గురి కుదరాలి

రాత్రి రోడ్డుపై ఎదుటివారి కళ్లు బైర్లు కమ్మించే హెడ్‌లైట్లకు వాటేజీ ఒక్కటే కారణం కాదు, రిఫ్లెక్టర్‌లో బల్బు కూర్చున్న చోటు కూడా కారణమే. పారాబోలా ఆకారపు అద్దానికి ఒక నాభి ఉంటుంది. అక్కడ పుట్టిన వెలుగే సమాంతర కిరణాలుగా దూరం వెళ్తుంది. హెచ్4 హాలోజెన్ బల్బులో బ్రైట్ ఫిలమెంట్ ఆ నాభి దగ్గర ఉంటుంది. డిమ్ ఫిలమెంట్ కాస్త ముందుకు, అడుగున చిన్న లోహపు దొప్పతో ఉంటుంది. అందుకే డిమ్ వెలుగు రోడ్డు మీదకు వంగుతుంది. ఈ అమరికకు సరిపోలని ఎల్‌ఈడీ బల్బు బిగిస్తే, ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడాకే వెలుగు చెదిరి ఎదుటివారి కళ్లలో పడుతుంది.

పాత బల్బు వెలుగు చాలడం లేదన్న వాదనను కొట్టిపారేయలేం. అయితే ముందు మాసిన హెడ్‌లైట్ గాజును, తుప్పు పట్టిన రిఫ్లెక్టర్‌ను, వదులైన వైరింగ్‌ను సరిచేయాలి. లైటును కిందికి వంచితే చాలదా అంటే, దాంతో కిరణాల దిశ మారుతుందే తప్ప చెదిరిన వెలుగు కుదురుకోదు. ఎదుటివారి కళ్లు చెదిరేలా లైట్లు ఉండకూడదని 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనలే చెబుతున్నాయి. ఫిట్‌నెస్ పరీక్షలో లైటు వెలుగుతోందా అన్నదే కాక, వెలుగు ఎక్కడ పడుతోందో కూడా రవాణా శాఖ కచ్చితంగా చూడాలి.