ఆ జ్యూరీ తప్పు చేయలేదు

2015 జులై 1 సాయంత్రం. శాన్‌ఫ్రాన్సిస్కో తీరంలోని పియర్ 14 మీద తండ్రి పక్కన నడుస్తున్న 32 ఏళ్ల యువతి వీపులో తూటా దిగింది. ఆమె బతకలేదు. తుపాకీ పేలింది ఒక మెక్సికో వలసదారు చేతిలో. అమెరికా అయిదుసార్లు వెనక్కి పంపినా మళ్లీ సరిహద్దు దాటి వచ్చిన మనిషి అతను. 2017 నవంబరు 30న జ్యూరీ అతను హంతకుడు కాడని తేల్చి, తుపాకీ చేతబట్టిన నేరాన్ని మాత్రమే ఖరారు చేసింది. రెండేళ్లు తిరక్కముందే అప్పీలు కోర్టు దాన్నీ కొట్టేసింది. తీర్పు వెలువడగానే అధ్యక్షుడు ట్రంప్ సిగ్గుచేటన్నారు, సరిహద్దు గోడ కట్టాల్సిందేనన్నారు. దేశంలో చాలామంది ఆయనకు వంతపాడారు.

ఆ తీర్పు న్యాయమైనదని మేము నమ్ముతున్నాం. జ్యూరీ ముందున్న సాక్ష్యమే అలాంటిది. తూటా నేరుగా ఆమె వైపు వెళ్లలేదు. పేల్చిన చోటికి పదిహేను అడుగుల లోపే కాంక్రీటు నేలను తాకి, అక్కణ్నుంచి ఎగిరి 78 అడుగుల దూరంలో ఉన్న ఆమెకు తగిలింది. చంపదలచినవాడు నేల మీదికి కాలుస్తాడా? ఇద్దరికీ ముఖపరిచయమైనా లేదు. గుడ్డ చుట్టి ఉన్నదేదో దొరికితే చేతిలోకి తీసుకున్నానని, అదే పేలిందని అతని వాదన. కావాలనే కాల్చాడన్నది ప్రాసిక్యూషన్ వాదన. పన్నెండు మంది రోజుల తరబడి తర్జనభర్జన పడ్డారు. సందేహం తీరకపోతే హంతకుడని ముద్ర వేయకూడదన్న నియమం పౌరుడికెంతో పరాయి దేశస్థుడికీ అంతే.

తప్పు జరగలేదని కాదు. 2015 ఏప్రిల్‌లో అతను నగర జైల్లోనే ఉన్నాడు. ఇరవయ్యేళ్ల నాటి గంజాయి కేసు వీగిపోయాక, తమకు అప్పగించాలని వలస విభాగం కోరినా, షెరిఫ్ కార్యాలయం వదిలేసింది. వలసదారులకు ఆశ్రయమిచ్చే నగర విధానాన్ని మేము సమర్థిస్తాం. పోలీసు స్టేషన్ గడప తొక్కడానికి వలస కార్మికుడు భయపడితే, అతణ్ని దోచుకున్న దొంగ దర్జాగా తిరుగుతాడు. కానీ పదేపదే శిక్షపడి, పదేపదే తిరిగొచ్చిన మనిషి విషయంలో కనీసం వలస విభాగానికి ఒక ఫోన్ చేసి ఉండాల్సింది. ఆ యువతి తల్లిదండ్రుల కోపంలో న్యాయముంది.

ఆ కోపాన్ని పట్టుకుని లక్షల మందిని ఒకే గాటన కట్టడాన్నే మేము వ్యతిరేకిస్తున్నాం. ఆ యువతి పేరుతో తెచ్చిన బిల్లును 2017లో ప్రతినిధుల సభ ఆమోదించినా సెనేట్‌లో ఆగిపోయింది. 2025 జనవరిలో మరో బాధితురాలి పేరుతో ఇంకో బిల్లు చట్టమైంది. ఆమె 2024లో జార్జియాలో హత్యకు గురైన నర్సింగ్ విద్యార్థిని. హంతకుడికి కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. అంటే న్యాయవ్యవస్థ తన పని చేసింది. అయినా ఆమె పేరిట వచ్చిన చట్టం ప్రకారం, అనుమతి లేకుండా ఉంటున్నవారిని దుకాణంలో దొంగతనం చేశారన్న ఆరోపణపై అరెస్టు చేసినా చాలు, బెయిలు లేకుండా నిర్బంధించాల్సిందే. నేరం రుజువు కానక్కర్లేదు.

ఇది మనకు సంబంధం లేని గొడవ అనుకోవద్దు. 2025 ఏప్రిల్‌లో అమెరికాలో వేల మంది విదేశీ విద్యార్థుల సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాల నమోదు వ్యవస్థ) రికార్డులు ఉన్నట్టుండి రద్దయ్యాయి. వారిలో భారతీయులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. చాలామంది చేసిన తప్పల్లా ఎప్పుడో ట్రాఫిక్ కేసులో పోలీసు రికార్డుకెక్కడమే. కోర్టులు మొట్టికాయలు వేశాకే రికార్డులను పునరుద్ధరించారు. అంతకుముందు 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రం ఒలేతాలో మా దేశం నుంచి పొమ్మని అరుస్తూ ఒక అమెరికన్ మన హైదరాబాద్ ఇంజినీరును కాల్చి చంపాడు. అడ్డుపడిన మరో అమెరికన్‌కూ తూటా తగిలింది. హంతకుడికి యావజ్జీవం పడింది. అతని నేరాన్ని అతనికే ఆపాదించాం, దేశం మొత్తానికి కాదు. మన పిల్లలకూ ఆ న్యాయమే కావాలి.

పియర్ 14 మీద పేలిన పిస్టల్ ఒక ఫెడరల్ అధికారిది. నాలుగు రోజుల ముందు కారులో వదిలి వెళ్తే ఎవరో అద్దం పగలగొట్టి ఎత్తుకెళ్లారు. ఆ దొంగ ఎవరో నేటికీ తేలలేదు. పోలీసులైనా సరే వాహనంలో తుపాకీని తాళం వేయకుండా వదలకూడదని కాలిఫోర్నియా 2016లో చట్టం చేసింది. ఆ చావుకు అసలు కారణాన్ని పట్టుకున్న చట్టం అది. అమెరికన్ కాంగ్రెస్ అలాంటి చట్టాన్ని దేశమంతటికీ తేవాలి. 2025 నాటి చట్టంలో నేరం రుజువు కాకముందే నిర్బంధించే నిబంధనను తొలగించాలి.